అడుగు లేని కుంచం

నేను ఒక జముకుని. ఆ మాట వినగానే ‘జముకు అంటే ఏమిటి’ అని మీరు పక్కవాళ్ల ముఖం చూస్తే నాకేమీ కోపం రాదు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలు దాటితే నన్ను ఎరిగినవాళ్లు తక్కువ. చూడ్డానికి ఇత్తడి కుంచంలా ఉంటాను. ఉండటమేమిటి, ఒకప్పుడు కుంచాన్నే. ఇప్పుడు అడుగు చోట మేకతోలు ఉంది. ఆ తోలు నడిమధ్య నుంచి ఒక నరం బయలుదేరి, నా కడుపులోంచి పైకి వచ్చి, బొటనవేలంత కర్రబిళ్ల దగ్గర ఆగుతుంది. నన్ను ఎడమ చంకలో ఇరికించుకుని, ఆ బిళ్లను ఎడమ చేతివేళ్లతో బిగలాగి, కుడిచేత్తో నరాన్ని మీటాలి. లాగితే సన్నగా, వదిలితే లావుగా పలుకుతాను.

పుట్టింది బుడితిలో, ఒక కంచరి కొలిమిలో. సూరపునాయుడు అనే కాపు నన్ను కొనుక్కెళ్లి వడ్లు కొలవడానికి పెట్టాడు. మనుషుల గురించి నేను మొదట తెలుసుకున్నది ఆయన కళ్లంలోనే. తన గాదెకి కొలుచుకునేటప్పుడు నా మీద గోపురం లేచేదాకా పోయించేవాడు. కూలీలకు కొలిచేటప్పుడు తలకొట్టి, పైగా బొటనవేలు లోపల పెట్టి కొలిచేవాడు. నేను మాత్రం పొద్దున్నా సాయంత్రమూ అదే కుంచాన్ని. ఇదెలా కుదురుతుందా అని చాలాకాలం ఆలోచించాను. ఆ రోజుల్లో పట్టుకున్న కొలిచే జబ్బు నాకు ఇప్పటికీ పోలేదు. ఎవరైనా నవ్వితే అది సోలెడా మానెడా అని చూస్తాను. ఏడుపూ అంతే.

తర్వాత కాటాలు వచ్చాయి. నన్ను అటక మీదికి విసిరారు. అక్కడ ఎన్నేళ్లు పడి ఉన్నానో కొలవడానికి నా దగ్గర వేరే కొలత లేదు. ఒక ఏడాది వానలు మొహం చాటేస్తే ఊరివాళ్లు అమ్మోరి కథ చెప్పించారు. కథ చెప్పినవాడు గవరయ్య. మూడో రోజుకి చినుకు రాలింది. నాయుడికి సంతోషం పట్టలేదు, ఏం కావాలో కోరుకోమన్నాడు. గవరయ్య పాత జముకు చెక్కది, చెదలు కొట్టేసింది. అటక మీద ఉన్న కుంచం ఇప్పించమన్నాడు. పనికిరాని వస్తువు దానం చెయ్యడంలో మనుషులకు ఉన్న ఉదారత ఇంకెందులోనూ చూడలేదు నేను.

కంచరి ఉలి పెట్టి నా అడుగు ఊడగొట్టిన రోజు నా పని అయిపోయిందనుకున్నాను. అడుగు లేని కుంచం ఎవరికి కావాలి? గింజ నిలవదు, నీళ్లూ నిలవవు. కానీ తోలు కట్టి, నరం బిగించి, గవరయ్య ఒక్కసారి మీటగానే నాకు నా గొంతు వినబడింది. నాకు గొంతు ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. ఆ ఆశ్చర్యం ఇంకా నన్ను వదల్లేదు.

గవరయ్యకు ఇద్దరు పిల్లలు. పెద్దది దాలమ్మ, తర్వాతివాడు పోలయ్య. తండ్రి పోయాక కాలికి గజ్జెలు కట్టి, నడుమ నిలబడి కథ చెప్పడం దాలమ్మకు వచ్చింది. పక్కన నిలబడి వంత పాడుతూ నన్ను మీటడం పోలయ్య పని. తాళాలు పట్టేది వాళ్ల పినతల్లి కూతురు చిన్నమ్మడు. ఈ ముగ్గురే జట్టు. వాళ్ల ఇంట్లో గడియారం లేదు గానీ దాలమ్మ కాలం కొలవడం చూస్తే కుంచాన్నైన నాకే సిగ్గేసేది. కోడి కూసే వేళకి మంగళం అందంటే, కోడి మంగళంలోనే కూసేది. నలభై ఏళ్లలో ఒక్కసారీ ముందూ వెనకా కాలేదు.

గవరయ్య పెట్టి వెళ్లిన కట్టుబాట్లు రెండు ఉన్నాయి. మొదటిది, కథకు ముందు మొక్కులు. సొంత ఊరి అమ్మోరికి మొక్కితే చాలదు, దారిలో దాటివచ్చిన ఊళ్ల అమ్మవార్లకూ, ఎదుట కూర్చున్నవాళ్ల ఊరి తల్లులకూ పేరుపేరునా మొక్కి పిలవాలి. రెండోది, పిలిచిన తల్లులను కథ వినిపించి, మంగళం పాడి సాగనంపేదాకా జట్టు మారకూడదు, జముకు చెయ్యి మారకూడదు. వానొచ్చి కథ ఆగిపోయినా మళ్లీ ఆ ముగ్గురే ఆగినచోటి నుంచి అందుకోవాలి.

నాలుగేళ్ల కిందట పోలయ్యకు పక్షవాతం వచ్చింది. ఎడమకాలు మెల్లగా దారికొచ్చింది. ఎడమచెయ్యి భుజం నుంచి మోచేతిదాకా వచ్చింది. వేళ్లు మాత్రం రాలేదు. రోజూ పొద్దున్నే నన్ను చంకలో పెట్టుకుని బిళ్ల లాగబోయేవాడు. వేళ్లు జారేవి, నరం ఉసూరుమనేది. కొన్నాళ్లకి నన్ను వాకిట్లో మేకుకి తగిలించి, అటువైపు చూడటం మానేశాడు. జముకు లేక జట్టు మూలపడింది. దాలమ్మ ఒక్కోసారి వచ్చి నా మీద దుమ్ము తుడిచి పోయేది.

అలాంటి రోజుల్లో సువర్చలగారు వచ్చింది. ఆవిడ విశాఖలో ‘నేలపాట’ అని ఒక కార్యక్రమం నడుపుతుంది. ప్రతినెలా మొదటి ఆదివారం సాయంత్రం నాలుగింటికి, పెదవాల్తేరులో ఒక హాల్లో, మట్టిలోంచి వచ్చిన పాటలు పాడేవాళ్లను కూర్చోబెట్టి పాడిస్తుంది. హాల్లో ఉన్నవాళ్లు వింటూ ఉండగానే అది ఒక చిన్న రేడియోలో కూడా వెళ్లిపోతుంది. ఆ నెల అమెరికా నుంచి పల్లెపాటలవాళ్లు వస్తున్నారట. వాళ్లతోపాటు మన జముకుల కథ కూడా ఉండాలని ఆవిడ కోరిక.

దాలమ్మ సరేనంది. పోలయ్య మాత్రం ఆవిడ్ని సాగనంపే వంకతో రోడ్డుదాకా నడిచాడు. చూపించడానికి చంకలో నన్నూ తీసుకెళ్లాడు కాబట్టి విన్నాను.

“అమ్మా, ఈ ఒక్కపాలికి ఎలాగో నెట్టుకొత్తాను. మీ కాడ గాజు బీరువాలున్నాయన్నారు కద. ఆట అయిపోయాక దీన్ని అందులో పెట్టీసుకోండి. ఇంటికాడ మేకుకేసి సూత్తంటే నాకు అన్నం దిగడం నేదు. అప్పకి మాత్రం సెప్పకండి.”

అప్ప అంటే దాలమ్మ. నా గుండె, అంటే నా తోలు, జారిపోయింది. గాజు బీరువాలో పెట్టిన జముకుని ఎవరు మీటుతారు? మీరే చెప్పండి.

ఆదివారం పొద్దున్నే బస్సులో విశాఖ చేరాం. హాల్లోకి అడుగుపెట్టగానే నా భయమంతా మర్చిపోయాను. అలాంటి వాద్యాలను నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. ఒకటి గుండ్రంగా పళ్లెంలా ఉంది, దానికీ తోలుమూత, దానికొక పొడుగాటి మెడ, మెడనిండా తీగలు. బ్యాంజో అట. వడగళ్లు పడ్డట్టు పలుకుతోంది. ఇంకొక నల్లటి పెద్దాయన వేలికి సీసా మెడ ముక్క తొడుక్కుని గిటారు తీగల మీద జారుస్తున్నాడు. ఆ స్వరం ఒకచోట నిలవదు, జారుతుంది, మూలుగుతుంది, మళ్లీ పైకి పాకుతుంది. అచ్చంగా నా గొంతే! ఏడు సముద్రాల అవతలివాడికి నా గొంతు ఎలా దొరికిందా అని నేను నోరు తెరిచాను. నా నోరు ఎప్పుడూ తెరిచే ఉంటుందనుకోండి.

అన్నిటికంటే వింత హేజెల్ దగ్గర ఉంది. హేజెల్ అంటే డెబ్బయ్యేళ్ల సన్నటి ఆవిడ, తెల్లజుట్టు జడ వేసుకుంది. ఆవిడ ముందు బట్టలుతికే పెద్ద రేకు తొట్టి బోర్లించి ఉంది. దాని వీపు మధ్య నుంచి ఒక తాడు. తాడు రెండో చివర ఒక నిలువు కర్రకి కట్టి ఉంది. ఆవిడ తొట్టి మీద ఒక కాలు వేసి, కర్రను వెనక్కి వంచుతూ తాడు మీటుతుంటే హాలంతా గుమ్ము గుమ్మంటోంది. నాకు కళ్లనీళ్లొక్కటే తక్కువ. నేను వడ్లు కొలిచిన కుంచాన్ని, అది బట్టలుతికిన తొట్టి. ఇద్దరిదీ ఒకే తాడు, ఒకే కథ. బతుకుతెరువు పోయాక గొంతు దొరికినవాళ్లం.

రిహార్సల్లో మా వంతు వచ్చింది. సువర్చలగారు లెక్క ముందే చెప్పింది. “దాలమ్మగారూ, మొత్తం పన్నెండు నిమిషాలండీ. మొక్కులు ఒక్క నిమిషం, అమ్మోరి కథలో ఒక ఘట్టం, చివర్లో మంగళం. రేడియో కదా, సెకను కూడా దాటకూడదు.”

“మూడు రేయిల కథ తల్లీ అది,” అంది దాలమ్మ.

“తెలుసమ్మా. అందుకే పన్నెండు ఇచ్చాను. మిగతావాళ్లందరికీ ఎనిమిదే.”

పుణ్యానికి పుట్టెడిస్తే పిచ్చకుంచమని పోట్లాడకూడదు కాబట్టి దాలమ్మ ఊరుకుంది. పోలయ్య నన్ను చంకలో పెట్టుకున్నాడు. బిళ్ల లాగాడు. మూడు దెబ్బలు బాగానే పలికాను. నాలుగోదానికి వేళ్లు పట్టు తప్పాయి, బిళ్ల ఎగిరి వేదిక అంచున పడింది. అందరూ పెద్దమనసుతో తల దించుకున్నారు. ఆ పెద్దమనసు చూస్తే ఒళ్లు మండింది నాకు. నవ్వినా బాగుండేది.

పోలయ్య బిళ్ల ఏరుకుని ఒక మూల కూర్చున్నాడు. చాలాసేపు హేజెల్ కేసే చూశాడు. తర్వాత సువర్చలగారిని పిలిచాడు.

“ఆయమ్మ ఏళ్లతో లాగడం నేదు కద. కర్రని ఒంటితో వంచతంది. ఎందుకలాగ, అడగండమ్మా.”

హేజెల్ చేతులు చాపి చూపించింది. వేళ్ల కణుపులు అల్లంకొమ్ముల్లా వాచి ఉన్నాయి. ముప్ఫయ్యేళ్లు ఫిడేలు వాయించిందట. కణుపులు బిగుసుకుపోయాక ఫిడేలు మనవరాలికి ఇచ్చేసి తొట్టి పట్టిందట. సువర్చలగారు తెలుగులో చెప్పింది. “వేళ్లు పోతే ఏమైంది, నడుం ఇంకా ఉంది కదా అంటోంది.”

పోలయ్య మెడలో తువ్వాలు తీశాడు. చిన్నమ్మడి చేత దాన్ని ఎడమ మోచేతికి కిందుగా గట్టిగా కట్టించుకున్నాడు. ఆ కట్టులో నా బిళ్లను దూర్చాడు. ఒక ఎత్తుపీట తెప్పించుకుని కూర్చుని, నన్ను మోకాళ్ల మధ్య ఇరికించుకున్నాడు. ఇక వేళ్లతో పనిలేదు. వెనక్కి వాలితే నరం బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. మీటాడు. మొదటిది అపస్వరం, రెండోదీ అపస్వరమే. హేజెల్ వచ్చి పక్కన నిలబడి, తన నడుమును ముందుకీ వెనక్కీ ఊపి చూపించింది. ఇద్దరికీ ఒక్క మాట కలవదు. అయినా అరగంటసేపు ఇద్దరూ గడ్డిమోపులు మోసేవాళ్లలా ఊగుతూనే ఉన్నారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక దాలమ్మ నన్ను సంచిలో వేసుకుని వసారాలో పచార్లు చేసింది. అక్కడ గాజు బీరువాల వరస ఉంది. ఒకదాంట్లో డోలు, ఒకదాంట్లో పాత తంబురా. చివరిది ఖాళీగా, లోపల కొత్త మఖమల్ గుడ్డతో, ఒక అచ్చువేసిన అట్టముక్కతో ఉంది. దాలమ్మకు చదువు రాదు. కాపలా మనిషిని అడిగింది.

“ఇందల ఏటి పెడతారు బాబూ?”

“జముకంటమ్మా. సాయంత్రం పోగ్రాం అయిపోగానే పెట్టేత్తారంట. అట్ట మీద అదే రాసుంది.”

దాలమ్మ ఎంతసేపు నిలబడిందో గానీ ఆ మౌనం తూమెడు ఉంటుంది. తర్వాత అరవలేదు, తమ్ముణ్ని నిలదీయలేదు. లోపలికి వెళ్లి ఒక్కొక్కరినీ పట్టుకుని, మీ ఊరి అమ్మోరి పేరేమిటని అడగడం మొదలుపెట్టింది. మైకులు సర్దేవాళ్లను అడిగింది, టీ ఇచ్చేవాణ్ని అడిగింది. అమెరికా వాళ్లనూ వదల్లేదు. తమ ఊళ్లో అమ్మవారు లేదని, ఇంటి వెనక లారెల్ అని ఒక ఏరు మాత్రం ఉందని హేజెల్ చెప్పింది.

“ఏరైతే గంగమ్మే కద,” అంది దాలమ్మ. “మంచిదే.”

నాలుగయింది. హాలు నిండింది. బ్యాంజో వాళ్లు ఎనిమిది నిమిషాలు వడగళ్లు కురిపించి దిగిపోయారు. సీసామెడ పెద్దాయన పాడితే మాట ఒక్కటీ తెలియకపోయినా మా చిన్నమ్మడు ముక్కు చీదుకుంది. తర్వాత మేం. ఎర్రదీపం వెలిగింది, అంటే రేడియోలో మా వంతు మొదలైనట్టు. పోలయ్య నుదుటి మీద చెమట నా అంచు మీద పడింది. ఈసారి బిళ్ల ఎగిరితే ఎగిరేది రేడియోలో, ఊళ్లన్నీ వింటుండగా.

దాలమ్మ గజ్జె కదిపింది. మొక్కులు అందుకుంది. ముందు సొంత ఊరి అమ్మోరు. ఆమె పేరుకి నేను ఒకసారి పలకాలి. పోలయ్య వెనక్కి వాలాడు. తువ్వాలు బిగిసింది, నరం బిగిసింది, పలికాను. కొంచెం వణికాను గానీ నా గొంతే. తర్వాత పాతపట్నం నీలమణమ్మ. ఈసారి వణకలేదు. ఆ తర్వాత బస్సు దాటివచ్చిన ఊళ్లు. ఒక్క ఊరినీ వదలడం లేదు దాలమ్మ. విజయనగరం పైడితల్లికి వచ్చేసరికి పోలయ్య ఊగడం మర్చిపోయి ఊగుతున్నాడు. మూడేళ్లుగా నేను వినని వంత అతని గొంతులోంచి దానంతట అదే లేచింది. నాకు ఎంత సంతోషం కలిగిందో చెప్పలేను. కొలవలేదు, నిజంగా.

సువర్చలగారు పక్కనుంచి అయిదు వేళ్లు చూపించింది, అంటే ఇంకా అయిదు నిమిషాలు. దాలమ్మ ఇంకా భీమిలిలోనే ఉంది. తర్వాత రెండు వేళ్లు. దాలమ్మ విశాఖ కనకమహాలక్ష్మికి మొక్కి, మైకుల వాళ్ల ఊళ్లకి మళ్లింది, తర్వాత టీ మనిషి ఊరికి. సువర్చలగారు ఒక వేలు చూపిస్తూ దాదాపు ఏడుస్తోంది. అప్పుడు దాలమ్మ హేజెల్ వైపు తిరిగి, రెండు చేతులూ జోడించి, లారెల్ గంగమ్మను కూడా రమ్మని పిలిచింది. ఆ పేరు చెవిన పడగానే తెర పక్కన ఉన్న హేజెల్ ఉలిక్కిపడి తన తాడు ఒక్కటంటే ఒక్కసారి మీటింది. తొట్టి గుమ్మంది. నేను జవాబిచ్చాను. ఎర్రదీపం ఆరిపోయింది.

పన్నెండు నిమిషాలూ మొక్కులకే చెల్లిపోయాయి. కథలో మొదటి మాట కూడా పడలేదు. జనం మాత్రం అదే కథ అనుకుని లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. మనుషులను మెప్పించడం ఒక్కోసారి ఎంత తేలికో!

వసారాలో సువర్చలగారు గాజు బీరువా తలుపు తీసి నిలబడింది. పోలయ్య తువ్వాలు ముడి విప్పుకున్నాడు. నన్ను రెండు చేతులతో పట్టుకున్నాడు గానీ అందించలేకపోతున్నాడు. వెనకనుంచి దాలమ్మ గొంతు వినబడింది.

“ఏటది పోలిగా? మంగళం పాడకుండా జముకు దించతావేటి?”

“అప్పా... నాను ముందే మాటిచ్చీసినాను.”

“నువ్వు ఈయమ్మకిచ్చినావు. నాను అమ్మోర్లకిచ్చినాను. ఎంతమందిని పిలిచినామో నెక్కుందా? కథ సెప్పకుండా పొమ్మంటే పోతారేటి? ఆ లారెల్ గంగమ్మయితే సంద్రాలు దాటొచ్చింది పాపం. ఆయమ్మకేటి సెప్తావు?”

సువర్చలగారికి కట్టుబాటు తెలుసు. దాని గురించి పుస్తకమే రాసిన మనిషి. అట్టముక్క చేతిలో తిప్పుకుంటూ, “అయితే కథ ఎప్పుడు చెబుతారమ్మా?” అంది.

“నువ్వే ఇచ్చినావు కద పన్నెండు నిమిసాలు. నెలనెలా వొచ్చి ఆ పన్నెండూ సెప్పుకు పోతాం. అయిపోనాక మంగళం పాడి, జముకు నీకే ఇచ్చీసి ఎల్తాం.”

నేను గబగబా కొలిచాను. రాత్రికి తొమ్మిది గంటల చొప్పున మూడు రాత్రుల కథ. నెలకి పన్నెండు నిమిషాలు. పదకొండేళ్ల పైచిలుకు! దాలమ్మకు డెబ్బై నాలుగు, పోలయ్యకు అరవై తొమ్మిది. కోడికూతని మంగళంలోకి దించే మనిషి ఆ రోజు లెక్క తప్పిందని నమ్మమంటారా? పోలయ్య అప్ప ముఖంలోకి చూశాడు. ఆమె సంచి మూతి తెరిచి పట్టుకుంది. అతను నన్ను సంచిలో పెట్టి అక్కడే గోడకి ఆనుకుని ఏడ్చాడు.

“నడికథలో ఎల్లిపోతానంటే అమ్మోరు ఒప్పుకోవాల గదరా,” అంది దాలమ్మ నెమ్మదిగా. “పద. బస్సుకి బేగి పోదాం.”

ఇప్పుడా బీరువా ఖాళీగా ఏమీ లేదు. ఊరికే అట్ట ఉండటం బాగుండదని సువర్చలగారు పూర్ణామార్కెట్లో ఒక కుంచం కొని పెట్టించింది. చూడ్డానికి వచ్చినవాళ్లు అట్ట చదివి, కుంచం కేసి చూసి, ‘ఓహో, జముకు అంటే ఇదా’ అని ఫోటోలు తీసుకుంటారు. దానికి అడుగు ఇంకా ఉంది. ఏ రోజు ఎవడు ఉలి పట్టుకొస్తాడోనని అది అనుకుంటుందా, అనుకోదా అని వెళ్లినప్పుడల్లా దాన్ని తొంగి చూస్తాను.

మొన్న మొదటి ఆదివారం పద్నాలుగో నెల. ఎర్రదీపం వెలగడానికి ముందు పోలయ్య మోచేతికి తువ్వాలు బిగిస్తూ దాలమ్మ అడిగింది, “ఎక్కడున్నామురా మనం?”

పోలయ్య బిళ్ల దూర్చుకుని, ఒకసారి వెనక్కి వాలి చూసుకున్నాడు.

“ఇంకా అమ్మోరు పుట్టనేదప్పా.”

“అయితే తొందరేటి,” అంది దాలమ్మ.